దినమున కొక గంట

ఓరుగల్లు యువకుడు ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబరు పట్టికలో 2800 అంకెలను దాటి, విశ్వనాథన్ ఆనందు పిమ్మట ఆ యంతస్తు నందుకొన్న రెండవ భారతీయుడైనప్పుడు, తెలంగాణమున నెందరో తల్లిదండ్రులు తమ పిల్లల ముందు చదరంగపు పలక పరచి యుందురు. వెంటనే పుట్టు ప్రశ్న యొకటే: దినమునకు ఎన్ని గంటలు సాధన చేయవలెను? ఎనిమిదియని యొకరు, పదియని మరియొకరు చెప్పుదురు. ఆ మాట విని మల్లాపూరువంటి యూరిలోని తండ్రి, ఇది మనవంటివారికి గాదని పలక మడిచి పెట్టును. పెద్ద సంఖ్య చెప్పినవారు పిల్లవానిని ప్రోత్సహించితి మనుకొందురు; వారు చేసినది వాకిలి మూయుట.

ఆ సంఖ్య యెంతవరకు నిజమో విచారింతము. 1894 మొదలు 1921 వరకు జగజ్జేతగా నుండిన ఇమాన్యుయల్ లాస్కరు తన చదరంగ గ్రంథమున విద్యార్థి కాలమును పంచి చూపెను. నియమములకు 5 గంటలు, ముగింపు ఆటల తొలిపాఠములకు 5, ప్రారంభపుటెత్తులకు 10, పావులను కూర్చి చేయు దాడులకు 20, పలకపై స్థితిగతుల నెరిగి యాడుటకు 40, ఆడుటకును ఆడినదానిని విమర్శించుటకును 120. వెరసి 200 గంటలు. దినమున కొక గంట చొప్పున ఏడు మాసములు నిండవు. ఇంతతో జగజ్జేత యగునని ఆయన చెప్పలేదు. గట్టి యాటగాడగునని మాత్రమే ఆయన యాశ. అది యతిశయోక్తి యనుకొన్నను, పంపకమును గమనింపుడు. ప్రారంభపుటెత్తులకు ఇరువదింట నొక్క పాలు! నేడు పలుచోట్ల పిల్లలచేత మొదట వల్లె వేయించునది వానినే. ఎదుటివాడు పాఠములో లేని యెత్తు వేసినంతనే పిల్లవాడు దిక్కులు చూచును.

ఇంకొక లెక్క కలదు. నీల్ చార్నెస్ అను మనశ్శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును 2005లో ప్రకటించిన పరిశోధనలో, గ్రాండుమాస్టరులు గట్టిగా ఆట కుపక్రమించిన తొలి పదేండ్లలో ఒంటరిగా కూర్చుండి చదివిన కాలము సుమారు 5000 గంటలని తేలినది. మధ్యమశ్రేణివారు చదివినది ఇందులో అయిదవవంతుకు కొంచె మెక్కువ. ఈ గంటలను పదేండ్ల దినములకు పంచినచో, మొదటివారికి దినమునకు గంటన్నర కూడ పడదు. రెండవవారికి పావుగంట చిల్లర. పందెములలో ఆడిన కాలము వేరు, నిజమే. అయినను ఉభయుల నడుమ నున్న దూరము దినమున కొక గంట పైచిలుకు!

అయితే అది యెట్టి గంట? సెల్‌ఫోనుపై మూడేసి నిమిషముల యాటలు వరుసగా నాడి, గెలుపోటములలో దేనినీ జ్ఞాపక ముంచుకొనక నిద్రించు గంట కాదు. అది సాధన గాదు, వ్యసనము. ఓడిన యాటను మరల మొదటినుండి పేర్చి, ఏ యెత్తుకడ దారి తప్పితినో యంత్రము నడుగక తానే వెదకి, తన మాటలలో వ్రాసికొని, అటుపిమ్మట యంత్రముతో సరిచూచుకొను గంట. ఇది కష్టము. తన తప్పును తాను గంటసేపు తేరిపార జూచుట పెద్దలకే చేదు.

గంటలే సర్వస్వమని మే మనుట లేదు. అర్జెంటీనా ఆటగాండ్రపై 2007లో వెలువడిన పరిశోధనలో, మాస్టరు స్థాయిని చేరుటకు ఒకనికి సుమారు 3000 గంటలు చాలగా, మరియొకనికి 23000 గంటలకు పైగా పట్టినవి. పుట్టుక పంచిన దానిని కాదనుట పిల్లలతో అబద్ధమాడుట యగును. మరియొక సంగతి కూడ దాచుట తగదు. కోనేరు హంపి 2002లో పదునైదేండ్ల ప్రాయమున గ్రాండుమాస్టరైరి; ర్యాపిడు ఆటలో 2019లోను, మరల 2024లోను జగద్విజేతయైరి. ఆమెకు శిక్షణ మిచ్చుటకై తండ్రి అశోక్ గారు తమ యుద్యోగమునే విడిచిరి. బిడ్డ గంటలను లెక్కించువారు తండ్రి గంటలను లెక్కింపరు. పంజాబునుండి వచ్చి, బ్రిటిషు ఛాంపియను పదవిని 1929, 1932, 1933 సంవత్సరములలో గెలిచిన మీర్ సుల్తాన్ ఖాన్ కథయు నిట్టిదే. ఆయనకు తీరిక నిచ్చినవాడు ఆశ్రయమిచ్చిన ప్రభువు. ఆ ప్రభువుతో స్వదేశము చేరిన పిమ్మట ఆయన అంతర్జాతీయ రంగమునకు మరల రాలేదు.

కావున ఎన్ని గంటలనుటకంటె, ఆ గంటను పిల్లవాని కెవరిత్తురను ప్రశ్నయే పెద్దది. మల్లాపూరు, కోరుట్ల ప్రాంతములలో తండ్రి గల్ఫు దేశమున కూలికి పోగా, తల్లి బీడీలు చుట్టి సంసార మీడ్చు నిండ్లు కొల్లలు. పసుపు తవ్వునాళ్లలో ఆ తల్లికి పొలము పనియు తోడగును. ఆమె ఉద్యోగము విడిచి బిడ్డకు శిక్షకురాలు కాజాలదు; శిక్షకుని తేజాలదు. ఇంట దీపము క్రింద నుండునది బీడీల చాట, పలకకు చోటు లేదు.

ఆ చోటును ఊరు చూపవలెను. గ్రంథాలయ మున్న యూర నందులోను, లేని యూర బడి గదిలోను, సాయంకాలము ఒక్క గంట, ఒక బల్ల, రెండు పలకలు. అల్లరి మాన్పుటకు ఒక పెద్దమనిషి. ఆయనకు చదరంగము రాకున్నను బాధలేదు. గుడి యరుగుపై పులిజూద మాడిన తాతలలో నొకరు చాలుదురు. వారమున ఆరు దినములు ఓడిన యాటల పరిశీలన, ఏడవనాడు పందెము. ఆటలు వ్రాసికొను పుస్తకమును మాత్రము ఇంటికి పంపక అక్కడి బీరువాలోనే యుంచవలెను. నిన్న తాను పోగొట్టుకొన్న మంత్రి యేమయ్యెనో చూచుటకై పిల్లవాడు మరునాడు తప్పక వచ్చును.