పద్దెనిమిదేళ్ళు నిండగానే మూతపడుతున్న తలుపు

బుద్ధిమాంద్యంతో పుట్టిన పిల్లవాడికైనా, సెరిబ్రల్ పాల్సీతో నడవలేని ఆడపిల్లకైనా మండల కేంద్రంలో ప్రభుత్వం చూపించే చోటు భవిత కేంద్రం. బడి ఆవరణలో ఒక గది, ప్రత్యేక అవసరాల పిల్లలకు నేర్పే ఒకరిద్దరు ఐఈఆర్‌పీలు, వారానికో రోజు వచ్చే ఫిజియోథెరపిస్టు. చొక్కా గుండీలు పెట్టుకోవడం, కంచంలో అన్నం తానే కలుపుకోవడం, మూత్రానికి వస్తే సైగ చేసి చెప్పడం ఆ గదిలో ఏళ్ళ తరబడి ఓపిగ్గా నేర్పుతారు. ఆ పిల్లలకు పద్దెనిమిదేళ్ళు నిండగానే అక్కడ చోటు పోతుంది. ఆ కేంద్రాన్ని నడిపే సమగ్ర శిక్ష నిధులు బడి ఈడు పిల్లల వరకే. ఆ తర్వాత మిగిలేది వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, నెలనెలా పింఛను, ఇంట్లో ఓ మూల మంచం. పద్దెనిమిది దాటిన వికలాంగులను పగటిపూట చూసుకునే కేంద్రం ఒక్కటి కూడా ఖమ్మం జిల్లా వైరా పురపాలక సంఘం నడపడం లేదు. దాన్ని ఈ ఏడాదే తెరవాలి. తెరవడానికి చట్టం ఉంది, డబ్బు దారి ఉంది, అవసరం గడపగడపకూ కనబడుతోంది.

ఇంగ్లండ్‌లో ఇలాంటి కేంద్రాలను స్థానిక కౌన్సిళ్ళు కూడా నడుపుతాయి. వయసొచ్చిన వికలాంగులు, వృద్ధులు పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికొస్తారు. అవసరాలు తేల్చిన మనిషికి సాయం అందించడం కౌన్సిల్ బాధ్యత అని 2014 నాటి కేర్ చట్టం చెబుతోంది. ఖజానా ఖాళీ అయిందంటూ 2023 సెప్టెంబరులో చేతులెత్తేసిన బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్ ఆ తర్వాత పొదుపు పేరుతో వీటిలో కొన్నిటిని మూయడానికి పూనుకుంది. తల్లిదండ్రులు రోడ్డెక్కారు, కౌన్సిల్ మెట్లెక్కి నిలదీశారు. ఆ కేంద్రం పోతే తమ బిడ్డ పగలంతా ఏం కావాలని అడిగారు. మన తెలుగు యువతీయువకులు ఎందరో 2022 తర్వాత కేర్ వీసాల మీద ఆ దేశానికి వెళ్ళి పరాయి ఇళ్ళలోని పెద్దలకు అన్నం తినిపిస్తూ, స్నానాలు చేయిస్తూ వచ్చారు. అక్కడ ఆ పనికి జీతం ఉంది, శిక్షణ ఉంది, ఆ సాయం అడిగే హక్కు ఉంది. ఇక్కడ అదే పని తల్లి మీద పడుతుంది. ఇక్కడ మూసివేతకు తీర్మానం ఉండదు, సభ ఉండదు, నిరసన ఉండదు. పుట్టినతేదీయే ఆ పని చేసేస్తుంది.

ఆ తల్లి మోసే బరువు ఎంతో తెలియాలంటే మిర్చి ఏరే రోజుల్లో ఈ పల్లెలకు రావాలి. తెల్లవారక ముందే ట్రాలీ ఆటోలు వాడల్లోకి వస్తాయి. ఏన్కూరు, కారేపల్లి, జూలూరుపాడు తండాల నుంచి, కోయ గూడేల నుంచి, వైరా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూలీలు మిరప చేలకు బయలుదేరతారు. ఏడాదిలో నాలుగు డబ్బులు కళ్ళ చూసే రోజులవి. ఇరవై రెండేళ్ళ కొడుకు మంచంలో ఉన్న తల్లికి అప్పుడు మూడే దారులు. కూలి మానుకోవాలి. లేదంటే పక్కింటి ముసలమ్మకు చెప్పి బయట తాళం వేసుకు పోవాలి. అదీ కాదంటే వాణ్ణి కూడా చేనుకు తీసుకెళ్ళి గట్టు మీద చెట్టు కింద కూచోబెట్టాలి. పండుమిర్చి కోసిన చేతులతో వాడి నోరు తుడవకూడదు, వాడి కళ్ళు ముట్టుకోకూడదు. అందుకని ప్రతిసారీ బిందెలో తెచ్చిన తాగునీళ్ళు పోసుకుని, మట్టి రాసుకుని చేతులు కడగాలి. అలా కడిగిన ప్రతిసారీ సాలు వెనకబడుతుంది, మేస్త్రీ కేక వేస్తాడు. ఆడపిల్లయితే ఆ తల్లి పడే భయం వేరు. తాళం వేసినా భయమే, వేయకపోయినా భయమే.

2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్ళను చూడడానికి ఒక మహిళను పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలంది. మంచి ఆలోచన. పసిపిల్లల తల్లి కష్టం చట్టానికి అర్థమైంది. ఎదిగిన బిడ్డకు పసిపిల్లలకు చేసినట్టే అన్నీ చేయాల్సిన తల్లి కష్టం మాత్రం ఎవరికీ పట్టలేదు.

చట్టాల కొరత లేదు. 1999లో పార్లమెంటు నేషనల్ ట్రస్టు చట్టం చేసింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్ళ కోసమే అది పుట్టింది. ఆ ట్రస్టు కింద పదేళ్ళు దాటినవాళ్ళకు పగటి సంరక్షణ కేంద్రాలు నడపడానికి వికాస్ (ఇప్పుడు దిశ-కమ్-వికాస్) అనే పథకం ఉంది. స్వచ్ఛంద సంస్థ నమోదు చేసుకుని ముందుకొస్తేనే అది నడుస్తుంది. పెద్ద నగరాల్లో సంస్థలున్నాయి గనక అక్కడ కేంద్రాలు వస్తాయి. వైరా లాంటి పట్టణానికి సంస్థ రాదు, వెంట కేంద్రమూ రాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించే వైకల్యాలను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచింది. వికలాంగులు సమాజంలో అందరితో కలిసి బతకడానికి కావలసిన సేవలు అందించాలంది. ఎక్కువ తోడ్పాటు అవసరమైన వాళ్ళకు సంరక్షకుల భత్యం గురించి కూడా చెప్పింది. అయితే సామాజిక భద్రతను వివరించే 24వ సెక్షనులో ప్రభుత్వ ఆర్థిక స్తోమత మేరకు అన్న మాట ఒకటి ఉంది. పదేళ్ళుగా అధికారులు ఆ మాట వెనకే దాక్కుంటున్నారు.

పింఛను ఇస్తున్నాం కదా అంటారు. ఇస్తున్నారు, కాదనడం లేదు. తెలంగాణలో 2014 నవంబరులో ఆసరా పింఛన్లు మొదలైనప్పుడు వికలాంగులకు 1500 రూపాయలు, 2019లో 3016, 2023లో 4016. ఆ ఏడాది ఎన్నికల్లో కాంగ్రెస్ 6000 ఇస్తామని మాటిచ్చింది. ఆ మాట నిలబెట్టుకోవాల్సిందే. మధిర అవతల సరిహద్దు దాటితే ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగులకు 6000, పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకు 15000 ఇస్తున్నారు. ఆ తేడా ఇక్కడి తల్లులకు బాగా తెలుసు. కానీ పింఛను ఎంతైనా మందులకూ, బియ్యానికీ సరిపోతుంది. పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం ఐదింటి దాకా మనిషిని కనిపెట్టుకుని ఉండే ఇంకో మనిషి ఈ పల్లెల్లో డబ్బిచ్చినా దొరకరు. ఆ మనిషినీ, ఆ చోటునూ చూపించాల్సింది స్థానిక సంస్థే.

చిన్న స్థానిక సంస్థలకు ఇది చేతకాని పని అనేవాళ్ళు కేరళను చూడాలి. 2004లో తిరువనంతపురం జిల్లాలోని వెంగానూరు పంచాయతీ బడ్స్ పేరుతో ఒక బడి తెరిచింది. నగరం కాదు, పురపాలిక కూడా కాదు, అది ఒక పంచాయతీ. తర్వాత కుటుంబశ్రీ అండతో ఆ రాష్ట్రంలో ఎన్నో పంచాయతీలు, పురపాలికలు అదే బాట పట్టాయి. పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకు బడ్స్ బడి, దాటినవాళ్ళకు బడ్స్ పునరావాస కేంద్రం. బడి వయసు దాటిందని ఎవరినీ ఇంటికి పంపి చేతులు దులుపుకోలేదు. పెద్దయినవాళ్ళు అక్కడ తమకు చేతనైన వస్తువులు తయారుచేస్తారు, వాటిని అమ్ముతారు. కుటుంబశ్రీ అంటే మన మెప్మా, ఐకేపీ సంఘాల లాంటి మహిళా సంఘాల వ్యవస్థే. పొదుపు సంఘాలను నిలబెట్టడంలో తెలుగు నేల దేశానికే దారి చూపింది. ఆ సంఘాల చేతికి ఈ పని ఇచ్చి చూడాలన్న ఆలోచన మాత్రం మన పాలకులకు రాలేదు.

ఇక డబ్బు. ఖమ్మం జిల్లాలో సత్తుపల్లి వద్ద సింగరేణి బొగ్గు తవ్వుతోంది. గ్రానైట్ క్వారీలకు లెక్కలేదు. ఖనిజాలు తవ్వేవాళ్ళు కట్టే సొమ్ముతో జిల్లా ఖనిజ నిధి ఏర్పడుతుంది. ఆ నిధిని ఎలా ఖర్చుపెట్టాలో 2015లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. అధిక ప్రాధాన్యం ఇవ్వాల్సిన పనుల్లో తాగునీరు, వైద్యం, విద్యతో పాటు వృద్ధుల, వికలాంగుల సంక్షేమం పేరు పెట్టి మరీ ఉంది. గని ప్రభావిత గ్రామాలకు మొదటి వాటా దక్కాలి, దానికి అడ్డు చెప్పడం లేదు. ఆ గ్రామాల్లోనూ ఇలాంటి ఇళ్ళున్నాయి గనక సత్తుపల్లి వైపు ఒక కేంద్రానికి ఆ నిధే ఇవ్వవచ్చు. వైరాకు పురపాలిక సొంత బడ్జెట్ ఉంది. 2018లో పంచాయతీ నుంచి పురపాలికగా మారిన ఆ పట్టణంలో ఇంటి పన్ను, భవన అనుమతుల రుసుములు దానికే చేరతాయి. కాలువలు, సీసీ రోడ్లు, వీధి దీపాలు కావాలి. వాటి సరసన ఈ పద్దు కూడా ఉండాలి.

కావలసింది పెద్ద భవనమేమీ కాదు. మెట్లు లేని రెండు గదులు, చక్రాల కుర్చీ పట్టే మరుగుదొడ్డి, ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు, ఇద్దరు ఆయాలు, మధ్యాహ్నం భోజనం, తీసుకొచ్చి దింపడానికి ఒక ఆటో. ఈ పని నేర్పే జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే, బోయిన్‌పల్లిలో 1984 నుంచి ఉంది. వైరాలోనే చదువుకున్న ఆడపిల్లలను ఎంపిక చేసి అక్కడికి పంపి శిక్షణ ఇప్పించవచ్చు. ఆటో అన్నింటికంటే ముఖ్యం. ఎదిగిన మనిషిని ఎత్తుకుని బస్సెక్కించడం యాభై దాటిన తల్లి వల్ల కాదు. ఆ ఆటో లేకపోతే కేంద్రం తెరిచినా పట్టణంలో నాలుగు వీధులవాళ్ళకే ఉపయోగపడుతుంది.

ఎవరి పిల్లల్ని వాళ్ళు చూసుకోవడం మన సంప్రదాయం, ప్రభుత్వం వీధిన పెట్టడం ఎందుకని కొందరు అడుగుతారు. చూసుకుంటూనే ఉన్నారు. పాతికేళ్ళుగా ఒక్క రోజు సెలవు లేకుండా చూసుకుంటున్నారు. ఏ పెళ్ళికీ వెళ్ళకుండా, నడుం పడిపోయినా ఆస్పత్రిలో చేరకుండా చూసుకుంటున్నారు. మేం పోయాక వీడి గతేంటని ఆ తల్లిదండ్రులు అడగని రోజు లేదు. పగటి కేంద్రం ఆ ప్రశ్నకు పూర్తి జవాబు కాకపోవచ్చు. కనీసం ఇంటి బయట కూడా తమ బిడ్డను పేరు పెట్టి పిలిచే, వాడు ఏం తింటాడో, ఎప్పుడు ఫిట్స్ వస్తాయో తెలిసిన నలుగురు మనుషులుంటారు.

వైరా పురపాలక సంఘం వచ్చే సర్వసభ్య సమావేశంలోనే ఈ కేంద్రానికి తీర్మానం చేసి, బడ్జెట్‌లో పద్దు పెట్టాలి. అంతకు ముందే మెప్మా సంఘాలతో వార్డుల వారీగా ఇల్లిల్లూ తిరిగి పద్దెనిమిది దాటిన వికలాంగుల జాబితా రాయించాలి. జిల్లా కలెక్టరు ఖనిజ నిధి నుంచి సత్తుపల్లి కేంద్రానికి సొమ్ము కేటాయించాలి. వైరా శాసనసభ్యుడు రాష్ట్రమంతటికీ వర్తించే పథకం కోసం శాసనసభలో అడగాలి. భవిత కేంద్రంలో ఈ ఏడాది పద్దెనిమిది నిండుతున్న పిల్లల పేర్లు, పుట్టినతేదీలు రిజిస్టరులో ఉన్నాయి. ఆ తేదీలు రాకముందే వాళ్ళు వెళ్ళాల్సిన గది సిద్ధం కావాలి.