రోగమొకటి, మందొకటి

గోదావరిఖనిలో కారు కొన్నవారికి చప్పుళ్ళ బెడద తప్పడం లేదు. బొగ్గు టిప్పర్లు, బూడిద లారీలు తిరిగే దారుల్లో గుంతలకు కొదవ లేదు. రబ్బరు తొడుగు చిరిగిన ప్రతి కీలులోకీ దుమ్ము దూరుతుంది. షెడ్డులో మొదట షాకబ్జార్బర్లు మారుస్తారు, తర్వాత బుష్‌లు, ఆపైన బేరింగు. దసరాకు వచ్చిన లాభాల వాటా కరిగిపోతుంది గాని చప్పుడు పోదు.

ఇనుప బాడీ చప్పుడును మోసుకుపోతుంది. ముందు చక్రం వద్ద పుట్టినది సీటు కింద వినిపించవచ్చు. కనుక ఎక్కడ అన్నదానికంటే ఎప్పుడు అన్నదే ముఖ్యం. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినపుడు టకటకమంటే సీవీ జాయింటును అనుమానించాలి. వేగంతోపాటు హోరు పెరిగి, న్యూట్రల్‌లోనూ ఆగకుంటే చక్రం బేరింగును చూడాలి. వెనుక చక్రాలకు శక్తినిచ్చే జీపు, పాత అంబాసిడర్‌లలో రివర్సు వేయగానే ఠంగుమంటే ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు అరిగి ఉండవచ్చు.

తప్పంతా మెకానిక్‌దే అనడం న్యాయం కాదు. "ఏదో చప్పుడొస్తోంది, చూడు" అని బండి వదిలి ఫస్టు షిఫ్టుకు వెళ్ళిపోతే అతడు మాత్రం ఏం చేస్తాడు? అయితే పానా పట్టేముందు యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక ట్రయల్ కొట్టడం అతని బాధ్యత. మార్చిన పాత సామాను యజమాని చేతికివ్వాలి.

గుంతలో పడినపుడల్లా టక్కుమనే శబ్దాన్ని మాత్రం వాయిదా వేయరాదు. అది లింకు రాడ్డయితే చిరాకుతో పోతుంది. బాల్ జాయింటు అయితే, రాజీవ్ రహదారిపై వేగంలో ఊడితే చక్రం ఒరిగి స్టీరింగు పట్టు తప్పుతుంది. ఏదో తేలేదాకా డ్యూటీకి బస్సెక్కడం మేలు.