మార్చింది ఒక్క లైనే... మరి ఫైలంతా ఎందుకు మారింది?

టీమ్ ప్రాజెక్టులో మీరు సరిచేసింది ఒక్క లైనే. గిట్ మాత్రం ఫైల్లోని ఐదొందల లైన్లూ మారాయంటుంది. తప్పు మీ కోడ్‌ది కాదు, కంటికి కనిపించని లైన్ ఎండింగ్‌లది. లైను ముగిసిందని చెప్పడానికి విండోస్ సీఆర్, ఎల్ఎఫ్ అనే రెండు క్యారెక్టర్లు వాడుతుంది. లైనక్స్, మ్యాక్‌లకు ఎల్ఎఫ్ ఒక్కటే చాలు. విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్ లైనక్స్ సర్వర్‌పై మొరాయించడానికీ చాలాసార్లు ఇదే కారణం.

చాలామంది తమ గిట్‌లో ఆటోసీఆర్ఎల్ఎఫ్ సెట్టింగ్ మార్చుకుని ఊరుకుంటారు. అది మీ ల్యాప్‌టాప్‌కే పరిమితం. పక్కవాళ్లు మార్చకపోతే కథ మళ్లీ మొదటికే. అందుకే నియమం ప్రాజెక్టులోనే ఉండాలి. మొదటిరోజే డాట్ గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, 'స్టార్, స్పేస్, టెక్స్ట్ ఈక్వల్ టు ఆటో' అని ఒక్క లైను రాయండి. షెల్ స్క్రిప్టులకు ఎల్ఎఫ్ అని విడిగా చెప్పండి. పాత ప్రాజెక్టైతే ఫైళ్లను రీనార్మలైజ్ చేసి, ఆ మార్పును వేరే కమిట్‌గా ఉంచండి.

'టీమ్‌వర్క్ వచ్చు' అని రెజ్యూమెలో అందరూ రాస్తారు. మీ రిపాజిటరీ తెరిచినవారికి మీరు మార్చిన ఆ ఒక్క లైను స్పష్టంగా కనిపిస్తే, ఆ మాటకు అదే రుజువు.