సేవకు ఏడాది సరే.. అద్దె కట్టేదెవరు?

డిగ్రీ చేతికొచ్చిన అమ్మాయో అబ్బాయో ఇంటికొచ్చి, "ఒక ఏడాది ఉద్యోగం చెయ్యను, వేరే ఊరెళ్లి పేద పిల్లల బడిలో పని చేస్తాను" అంటే మన ఇళ్లల్లో ముందు వచ్చే మాట ఏంటో మనందరికీ తెలుసు. "ఏడాది వేస్టు కదరా!" ఆ వాదన ఓ వారం నడుస్తుంది. చివరికి అమ్మ మెత్తబడుతుంది. నాన్న "నీ ఇష్టం" అని టీవీ వైపు తిరుగుతాడు. అసలు చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ కొత్త ఊళ్లో ఉండేదెక్కడ?

సర్వీస్ ఇయర్ అనే ఈ పద్ధతి అమెరికాలో కొత్తదేం కాదు. పేదరికం మీద యుద్ధం అంటూ లిండన్ జాన్సన్ ప్రభుత్వం పెట్టిన విస్టా పథకంలో తొలి వలంటీర్లు 1965లోనే పనిలోకి దిగారు. బోస్టన్‌లో సిటీ ఇయర్ 1988లో పుట్టింది. 1993 సెప్టెంబర్‌లో క్లింటన్ సంతకం చేసిన చట్టంతో అమెరికార్ప్స్ వచ్చింది. విస్టా దాని గొడుగు కిందికి చేరింది, సిటీ ఇయర్ లాంటి సంస్థలకు అక్కణ్నుంచి నిధులు అందుతూ వచ్చాయి. వెనకబడ్డ బళ్లలో పిల్లలకు లెక్కలు చెప్పడం, తుపాను వచ్చిన చోట ఇళ్లు బాగుచెయ్యడం, ఫుడ్ బ్యాంకుల్లో పని.. ఇలాంటివి. సిటిజన్ అయినా అయి ఉండాలి, గ్రీన్‌కార్డ్ అయినా ఉండాలి. హెచ్-4 మీద పెరిగిన పిల్లలకు ఈ తలుపు మూసే ఉంటుంది. అది వేరే కథ, మరోసారి చెప్పుకుందాం.

ఇక్కడే పుట్టి పెరిగిన మన రెండో తరంలో ఈ ఏడాది మీద ఆసక్తి చూపేవాళ్లు ఉన్నారు. ముఖ్యంగా మెడికల్ స్కూల్‌కు అప్లై చేసి ఎదురుచూసే పిల్లలు ఆ మధ్యకాలంలో ఇలాంటి పని వెతుక్కుంటారు. అప్లికేషన్‌కు పనికొస్తుందన్న లెక్క కొంత, నిజంగా ఏదైనా చెయ్యాలన్న తపన కొంత. ఏది ఎంతో విడదీసి చూడాల్సిన అవసరం మాకు కనిపించదు.

లెక్కల్లోకి వద్దాం. 2024-25లో ఫుల్‌టైమ్ సభ్యులకు ఇవ్వాల్సిన కనీస భత్యం ఏడాదికి 18,700 డాలర్లు. అంటే నెలకు 1,560 కూడా పడదు, దాని మీదా ట్యాక్స్ ఉంటుంది. ఆదాయంలో 30 శాతానికి మించి అద్దెకు పోకూడదని ఈ దేశంలో ఒక లెక్క ఉంది. ప్రభుత్వ ఇళ్లలో ఉండే పేదల కోసం 1969లో 25 శాతంగా మొదలైన ఆ హద్దును 1981లో 30కి పెంచారు, తర్వాత అదే అందరికీ కొలబద్ద అయింది. ఆ ప్రకారం ఈ కుర్రాడు కట్టగలిగే అద్దె నెలకు 467 డాలర్లు. న్యూయార్క్‌లో ఓనర్లు ఇంకో లెక్క చెబుతారు.. ఏడాది ఆదాయం నెల అద్దెకు 40 రెట్లు ఉండాలట. 18,700ను 40తో భాగించి చూడండి, మళ్లీ అదే 467 వస్తుంది! కొన్ని సంస్థలు కనీసం కంటే ఎక్కువే ఇస్తాయి, నిజమే. కానీ బోస్టన్‌లో ఒక్క బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్ అద్దె రెండు వేలు దాటిపోయిన రోజుల్లో ఆ రెండు మూడు వందల తేడా ఏ మూలకు? ఏడాది పూర్తి చేస్తే విడిగా ఇచ్చే ఎడ్యుకేషన్ అవార్డు (2024-25లో 7,395 డాలర్లు) కాలేజీ ఫీజుకో, స్టూడెంట్ లోన్‌కో తప్ప ఇంటి ఓనర్‌కు కట్టడానికి పనికిరాదు.

బోస్టన్ సంగతే తీసుకుంటే, అక్కడ డబ్బొక్కటే కాదు, తారీఖులు కూడా తిప్పలు పెడతాయి. ఊరంతా కాలేజీలు కావడంతో అద్దె లీజుల్లో ఎక్కువ భాగం సెప్టెంబర్ 1న మొదలై ఆగస్టు 31న ముగుస్తాయి. ఆ ఒక్క రోజున సగం ఊరు మంచాలు మోసుకుంటూ రోడ్డు మీదే ఉంటుంది. ఆల్‌స్టన్ వీధుల్లో వదిలేసిన సోఫాలు, బల్లలు ఏరుకునే ఆ పండక్కి 'ఆల్‌స్టన్ క్రిస్మస్' అని పేరు కూడా పెట్టుకున్నారు. మరి సర్వీస్ పని ఆగస్టులోనే మొదలైతే ఆ కొన్ని వారాలు ఎక్కడుండాలి? తర్వాత వచ్చే జూన్‌లోనో జులైలోనో పని అయిపోతే ఆగస్టు చివరిదాకా అద్దె ఎవరు కట్టాలి? చేరేటప్పుడు మొదటి నెల, ఆఖరి నెల, సెక్యూరిటీ డిపాజిట్.. ఈ మూడూ ముందే అడిగే హక్కు మసాచుసెట్స్ చట్టం ఓనర్‌కు ఇచ్చింది. వీటి మీద బ్రోకర్ ఫీజు ఒకటి ఉండేది. 2025 ఆగస్టు 1 నుంచి బ్రోకర్‌ను ఎవరు పెట్టుకుంటే వాళ్లే ఫీజు కట్టాలని మార్చారు. న్యూయార్క్ నగరంలో అదే ఏడాది జూన్‌లో అలాంటి నిబంధనే అమల్లోకి వచ్చింది. అంతవరకు నయం. కానీ మిగతా మూడు నెలల అద్దె ఒక్కసారే తీసి ఇవ్వాలంటే, ఇంకా మొదటి చెక్కు కూడా చూడని పిల్లల దగ్గర ఎక్కడిది?

"అంత ఖరీదైన ఊళ్లెందుకు, డాలస్ వెళ్లొచ్చుగా, మనవాళ్లు బోలెడుమంది!" అంటారు. మేమూ అలాగే అనుకున్నాం. డాలస్‌లో అద్దె తక్కువే, కానీ అద్దెలో మిగిలింది కారుకు పోతుంది. పిల్లలు పనిచేసే బడి డాలస్ దక్షిణాన ఉంటుంది, పెదనాన్న గారిల్లు ఫ్రిస్కోలో ఉంటుంది. డార్ట్ రైలు ఫ్రిస్కో దాకా రాదు. కారు, ఇన్సూరెన్స్, గ్యాస్, టోల్ కలిపి చూస్తే పెదనాన్న ఉచితంగా ఇచ్చిన గది కూడా ఉచితం కాదని తేలుతుంది. మన ఇళ్లు ఉన్న చోటుకూ, ఈ సేవ జరిగే చోటుకూ మధ్య దూరం మైళ్లలోనే కాదు. మంచి స్కూల్ డిస్ట్రిక్ట్ చూసుకుని మనం ఇళ్లు కొనుక్కున్నాం, మంచి స్కూళ్లు లేని చోటే వీళ్ల అవసరం ఉంది.

ప్రభుత్వ గృహ పథకాలున్నాయి కదా అని అడగొచ్చు. చట్టం ప్రకారం అమెరికార్ప్స్ భత్యాన్ని ఫెడరల్ గృహ సాయానికి ఆదాయంగా లెక్కించరు. వినడానికి బాగానే ఉంటుంది. అద్దె వోచర్లు అర్హులైన నాలుగు కుటుంబాల్లో ఒకదానికే దొరుకుతున్నాయి, వెయిటింగ్ లిస్టులు ఏళ్ల తరబడి ఉంటాయి. పది నెలల కోసం వచ్చినవాళ్లకు ఏం ఉపయోగం? ఇంకో తమాషా. పన్ను రాయితీతో కట్టిన చవక అపార్ట్‌మెంట్లలో గరిష్ఠ ఆదాయంతో పాటు కనీస ఆదాయం కూడా ఉండాలని మేనేజర్లు అడుగుతుంటారు. భత్యం ఆదాయం కాదన్న తర్వాత కాగితం మీద వీళ్ల సంపాదన సున్న. పేదవాళ్లని ఒప్పుకుంటారు, మరీ ఇంత పేదవాళ్లయితే కుదరదంటారు!

2025 ఏప్రిల్‌లో జరిగింది చూశాక తల్లిదండ్రుల భయం ఇంకా పెరిగింది. విపత్తుల్లో పనిచేసే ఎన్‌సీసీసీ అనే అమెరికార్ప్స్ విభాగం తన సభ్యులకు వసతీ భోజనమూ తనే పెడుతుంది. ఏప్రిల్ మధ్యలో వాళ్లందర్నీ ఇళ్లకు పంపేశారు. ఆ నెలాఖరుకు దాదాపు 40 కోట్ల డాలర్ల గ్రాంట్లు రద్దు చేశారు, ముప్ఫై వేలకు పైగా సభ్యుల పని ఉన్నట్టుండి ఆగిపోయింది. స్టైపెండ్ ఆపడానికి ఒక ఈమెయిల్ చాలింది, లీజు ఆపడానికి అలాంటి ఈమెయిల్ లేదు. ఇరవైకి పైగా రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. జూన్ 5న మేరీలాండ్‌లోని ఫెడరల్ కోర్టు, దావా వేసిన రాష్ట్రాల్లో కార్యక్రమాలను పునరుద్ధరించమని ఆదేశించింది. న్యూజెర్సీ, కాలిఫోర్నియా ఆ జాబితాలో ఉన్నాయి, టెక్సాస్ లేదు. పైగా అప్పటికి విద్యా సంవత్సరం అయిపోవచ్చింది. ఏప్రిల్, మే నెలల అద్దె ఎవరు కట్టారు? అమ్మానాన్నలు ఉన్నవాళ్లకు అమ్మానాన్నలు.

ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి. నెలకు ఎనిమిది వందలు పంపగలిగిన ఇంటి పిల్లలకు ఈ ఏడాది ఒక అనుభవం. పంపలేని ఇంటి పిల్లలకు అది అందని పండు. మనలో అందరూ ఫ్రిమాంట్‌లో ఇల్లున్నవాళ్లేం కాదు. గ్యాస్ స్టేషన్లో, కిరాణా కొట్లో పనిచేస్తూ పిల్లల్ని చదివించుకున్న తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. పేద బళ్లలోని పిల్లల కష్టం బాగా తెలిసేది నిజానికి ఆ ఇళ్ల పిల్లలకే. ముందుగా జల్లెడలోంచి జారిపోయేదీ వాళ్లే.

వసతి వెతుక్కోవడం మనకు తెలియని విద్య కాదు. వై2కే రోజుల్లో మేం వచ్చినప్పుడు రెండు బెడ్‌రూమ్‌లలో ఆరుగురం సర్దుకున్నాం. ప్రాజెక్టు రాకపోతే అద్దె అడగని రూమ్మేట్లుండేవారు. ఇంకా వెనక్కి వెళ్తే వారాలు చేసుకుని చదువుకున్న తాతలు మనలో చాలామందికి ఉన్నారు.. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో భోజనం. పల్లెల నుంచి హైదరాబాద్ వచ్చిన కుర్రాళ్లకు ఉండే చోటు లేదనే కదా 1918లో రాజా బహదూర్ వెంకట రామారెడ్డి చొరవతో రెడ్డి హాస్టల్ వెలిసింది. ఇక్కడా ఇలాంటి పని చేసినవాళ్లున్నారు. కాథలిక్కుల జెసూట్ వలంటీర్ కోర్ సేవకు వచ్చిన యువతను నలుగురైదుగుర్ని కలిపి ఒక ఇంట్లో ఉంచుతుంది. యూదులు 1998లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన అవొదా కూడా అదే దారిలో నడిచింది. రెండేళ్లకోసారి మహాసభలకు వేదికలు కట్టే మన సంఘాలు రైలు స్టేషన్‌కు దగ్గరగా ఒక్క ఇల్లు లీజుకు తీసుకుని, కులం ఊరు అడక్కుండా, 467కు ఒక గది ఇస్తే ఎలా ఉంటుంది? సినిమా తారల విమానం టిక్కెట్ల కంటే ఎక్కువవుతుందని మేం అనుకోం.

సంఘాలు కదిలేదాకా ఆగలేని వాళ్లకు రెండు మాటలు. పిల్లల లీజు మీద గ్యారంటీ సంతకం పెట్టే ముందు అది ఉమ్మడి లీజేమో చూసుకోండి. ఉమ్మడిదైతే రూమ్మేట్ వెళ్లిపోయినా అతని వాటా కూడా మీ మెడకే చుట్టుకుంటుంది. గది చూడకుండా డిపాజిట్ పంపమన్నవాడికి, ఎంత తియ్యగా మాట్లాడినా, పంపొద్దు. వీలైతే నెలనెలా మార్చుకునే ఒప్పందం అడగండి, లేదా పని ఆగిపోతే ఇల్లు వదలొచ్చన్న మాట లీజులోనే రాయించండి. చిన్న ఓనర్లు కొందరు ఒప్పుకుంటారు. సంస్థను కూడా ముందే అడగాలి.. పాత సభ్యులు ఖాళీ చేసే గదులేవి, బస్ పాస్ ఇస్తారా, పని మొదలయ్యే తేదీకీ లీజు తేదీకీ మధ్య ఎక్కడుండమంటారు అని. ఈ అడగడం ఆగస్టులో కాదు, మేలో మొదలు కావాలి.

పెద్దాడు కాలేజీకి వెళ్లాక మీ మేడమీద ఖాళీగా ఉన్న గది బస్సు దారిలో ఉందేమో, మీ కాలనీ నిబంధనలు ఒకరిని ఉంచుకోనిస్తాయేమో ఈ వారాంతం ఓసారి చూడండి. సియాటిల్ నుంచో షికాగో నుంచో ఒక అమ్మాయి మీ ఊరి బడికి వస్తూ ఉండొచ్చు.