ముసలివీరులను జూచి నవ్వవచ్చునా?

మా చేతనున్న యొక యాంగ్లగ్రంథమును జూచి, మిత్రులొకరు దాని కథ యెట్టిదని యడిగిరి. వృద్ధులైన వీరులు కొందఱు మరల గూడి కడపటి సాహసమునకు బయలుదేఱిన హాస్యకథ యని చెప్పితిమి. ఆయన మొగము చిట్లించి, "పెద్దలను జూచి నవ్వుట మన సంప్రదాయము గాదు. ఇట్టివి పిల్లల చేతి కీయకుడు" అనిరి. ఈ మాట యాయన యొక్కరిదే యైనచో మేమూరకుందుము. చదువుకొన్న గృహములలో పలువురి యభిప్రాయ మిదియే గావున దీనిని పరీక్షింపవలసియున్నది.

ఆ గ్రంథము టెర్రీ ప్రాట్చెట్ రచించిన 'ది లాస్ట్ హీరో'. పాల్ కిడ్‌బీ చిత్రములతో 2001లో వెలువడినది. 1932లో అమెరికా రచయిత రాబర్ట్ హోవర్డ్ సృష్టించిన కానన్ అను కండలవీరుడు ముదుసలి యగువఱకు బ్రదికినచో నెట్లుండునో, ఇందలి నాయకుడు కోహెన్ అట్లుండును. నడుము నొప్పి, కట్టుడుపండ్లు. అతని పరివారములో నొకడు చక్రముల కుర్చీలో గూర్చుండియే యుద్ధమునకు బోవును. ఎన్నో పోరులలో చావని చెలికాడొకడు దోసకాయ గొంతున నడ్డుపడి చచ్చును. అందుతో కోహెనునకు దేవతలపై కోపము పుట్టినది. తొలివీరుడు దేవతలయొద్ద నగ్నిని దొంగిలించెను గదా, కడపటివీరుడు దానిని వడ్డీతో గూడ దిరిగి యిచ్చునని, మందుగుండు మోసికొని వేల్పులకొండ నెక్కనారంభించును. తన చరిత్రము పాడుటకై యొక గాయకుని గూడ నెత్తుకొనిపోవును.

ఇందు మన సంప్రదాయమునకు విరుద్ధమైన దేమి? సౌగంధికాహరణమున హనుమంతుడు జబ్బుపడిన ముసలికోతివలె దారి కడ్డముగా బరుండి, తోక తొలగించి పొమ్మని భీముని కోరును. భీముడు రెండుచేతులతో బట్టి యెత్తలేకపోవును. ఆ ఘట్టమున నవ్వని శ్రోత కలడా? కిష్కింధాకాండమున జాంబవంతుడు, తొల్లి త్రివిక్రముని ప్రదక్షిణించిన తన కిప్పుడు తొంబదియోజనములు మాత్రమే దాటుటకు శక్తి యున్నదని లెక్క చెప్పుకొనును. అయినను, హనుమంతునకు వాని బలమును జ్ఞప్తికి దెచ్చినవా డా ముసలివాడే గాని పడుచువా డెవ్వడును గాడు.

భారతమున నింకను గొప్ప సామ్యమున్నది. మౌసలపర్వమున నర్జునునకు అస్త్రములు స్ఫురింపవు. అతని కన్నులయెదుటనే దొంగలు స్త్రీలను గొనిపోవుదురు. మహాప్రస్థానమున అగ్నిదేవుడే దారి కడ్డమువచ్చి, గాండీవమును వరుణున కప్పగింపుమనును. అచ్చట దేవతలడుగగా వీరుడిచ్చెను. ఇచ్చట నెవ్వరు నడుగకయే వీరుడు తిరిగి యిచ్చుచున్నాడు. బలము పోయిన పిదప వీరుడెవ్వడన్న ప్రశ్న మాత్ర మొక్కటియే. దానిని వ్యాసుడు కన్నీటితో నడిగెను. ప్రాట్చెట్ నవ్వుచు నడిగెను.

నవ్వు లన్నియు నొక్కటి గావని మాకును దెలియును. 'కన్యాశుల్కము'న లుబ్ధావధానులను జూచి నవ్వుదుము. ఆ నవ్వు ముసలితనముమీద గాదు, ఆ వయసున పసిపిల్లను గొని పెండ్లాడజూచిన దురాశమీద. అట్టి నవ్వు సంఘమునకు మందు. కాళ్లు వణకుటను జూచి నవ్వుట నీచము. వణకు కాళ్లతోనే కొండ యెక్కబోవువానిని జూచి, వానితోగూడ నవ్వుట మూడవది. మా మిత్రులు రెండవదానిని నిందింపబోయి మూడవదానిని గూడ నిషేధించుచున్నారు.

అసలు అగౌరవ మెచ్చటనున్నదో చెప్పెదము. మే మెఱిగిన యొక యింట, ఉద్యోగము విరమించిన వృద్ధుడు తన చిన్ననాటి సహాధ్యాయులు నలుగురు అన్నవరమున గలిసికొనుచున్నారని, తానును బోవలెనని ముచ్చటపడెను. కొడుకు "దారిలో బడిపోయిన నెవరు చూచెదరు, నాన్నగారూ?" అనెను. కోడలు "మీ కెందుకండీ మామయ్యగారూ యీ శ్రమ, హాయిగా గూర్చోండి" అనెను. వారు దుష్టులు గారు. వేళకు మందు, వేడియన్నము పెట్టువారు. ఆ వృద్ధుడు సర్దిన సంచి మరల విప్పుకొనెను. ఆ నలుగురిలో నొకరు మఱుసటి యేడు లేరు. ఆ యింట నవ్విన వారెవ్వరును లేరు. అంద ఱెంతో గౌరవముతో నాయనను గూర్చుండబెట్టిరి.

యుద్ధానంతరము ధృతరాష్ట్రుడు పాండవుల యింట పదునైదేండ్లుండెను. ధర్మరాజు లోపమేమియు జేయలేదు. భీముని మాటలు మాత్ర మా ముసలివాని గుండెలో గ్రుచ్చుకొనెను. తల్లిదండ్రుల పోషణమును బిడ్డలపై విధిగా మోపుచు 2007లో చట్టము వచ్చినది, మంచిదే. కాని చట్టము భత్యము నిప్పించును, ప్రయాణమునకు సెలవిప్పింపదు.

పడిపోవుదురన్న భయము నిజము గాదా యని యడుగవచ్చును. నిజమే. అందులకు తోడు పంపవలెను గాని తలుపు మూయరాదు. వృద్ధుల కోరిక లన్నియు మంచివే యని గూడ మేమనము. కోహెన్ కోపము నెగ్గినచో లోకమే నశించును. గ్రంథకర్త దానిని మెచ్చుకొనలేదు. కొండమీదికి మనుష్యులను బంపి, యా సంగతి వారి మొగముననే చెప్పించెను. విని వారు మానుకొనిరి. వృద్ధులతో వాదించుటయు నొక గౌరవమే. కాదన్నచో కారణము చెప్పుడు; పసివారికి వలె బుజ్జగింపకుడు.

ఇది యౌవనమదమున వ్రాసిన నవ్వు గాదా యందురేని, రచయిత చరిత్రమే సమాధానము. అఱువదియేండ్లు నిండకమునుపే, 2007లో, తనకు జ్ఞాపకశక్తిని హరించు ఆల్జైమర్ వ్యాధి సోకినదని ఆయన లోకమునకు జెప్పెను. వ్రేళ్లు సరిగా బనిచేయనప్పుడు నోటితో జెప్పి వ్రాయించుచు, 2015లో మరణించువఱకు రచన సాగించెను.

కావున చదువరులారా, ఈ గ్రంథమును మీ పిల్లల చేతి కిండు. వారితోపాటు తాతలకును వినిపింపుడు. ముందుగా నవ్వువారు తాతలే యగుదురు. ఇకమీద మీ యింటి వృద్ధుడు "నేనును వచ్చెదను" అన్నప్పుడు, "మీ కెందుకు" అనకుడు. రైలు ఎన్ని గంటలకో కనుగొనిరండు.