బ్లాస్టింగ్ లెక్క బస్తీకి చెప్పాలి

ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ప్రతి బ్లాస్టింగుకూ భూమి ఎంత అదిరిందో సింగరేణి కంపెనీ అదే రోజు బస్తీ జనానికి చెప్పాలి. ఆర్నెల్లకోసారి పర్యావరణ శాఖకు వెళ్లే నివేదికలో ఇంగ్లిషు పట్టికగా చేరే అంకె, గోదావరిఖనిలో రేకుల కింద బతికే మనిషికి అందినట్టు కాదు.

సైరన్ మోగిన కాసేపటికి నేల కింద నుంచి దడ్‌మని వస్తుంది. రేకులు గలగలమంటాయి, అటక మీది గిన్నెలు కదులుతాయి. కిటికీ మూలన వెంట్రుక మందాన మొదలైన నెర్రె వానాకాలానికల్లా చెమ్మ దిగే దారి అవుతుంది. పేల్చేది పగటిపూటే కాబట్టి నైట్ షిఫ్టు దిగి పడుకున్న కార్మికుడి నిద్ర పోతుంది. ఆ రాత్రి అతను మళ్లీ డంపర్ ఎక్కాలి.

నిబంధనలు లేక కాదు. గనుల భద్రతా డైరెక్టరేట్ (డీజీఎంఎస్) 1997లో ఇచ్చిన 7వ నంబరు సర్క్యులర్ ప్రకారం, యాజమాన్యానికి చెందని ఇళ్ల దగ్గర కంపనం 8 హెర్ట్జ్ లోపు ఉంటే నేల కదిలే వేగం సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. 8 నుంచి 25 హెర్ట్జ్ మధ్య 10, ఆపైన 15. నెమ్మదిగా ఊగే కంపనమే ఇంటికి ఎక్కువ చేటు గనుక దానికి గట్టి హద్దు పెట్టారు. అదే సర్క్యులర్, కొంతకాలమే నిలిచే కట్టడాలన్న లెక్కతో, యాజమాన్యపు సొంత ఇళ్లకు 10, 15, 25 దాకా వెసులుబాటు ఇచ్చింది. ఈ లెక్కన 8 హెర్ట్జ్ లోపు కంపనానికి కంపెనీ క్వార్టరు బయటివారి ఇంటికన్నా రెట్టింపు అదిరినా చెల్లుతుంది. దీన్ని మేం ఒప్పుకోం. బొగ్గు తీసేవాడి పిల్లలు పడుకునే గోడకు వేరే కొలత ఉండరాదు.

రొదకు అన్నిచోట్లా ఇలాంటి హద్దు లేదు. సముద్రంలో ఓడల రొద తిమింగలాల పిలుపులను మింగేస్తోందని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 2014లో మార్గదర్శకాలు తెచ్చి, 2023లో సవరించింది. అవి పాటించడం ఓడ యజమానుల ఇష్టం. ఇక్కడ హద్దూ ఉంది, కొలిచే యంత్రమూ ఉంది. చూపడమే మిగిలింది.

అదురు తగ్గించడం బ్రహ్మవిద్య కాదు. ఒకే క్షణంలో ఎంత మందు పేలుతోందన్నదే అసలు సంగతి. మందు కూరిన రంధ్రానికీ రంధ్రానికీ మధ్య మిల్లీసెకన్ల ఎడం ఇస్తే అదురు విడిపోతుంది. ఎలక్ట్రానిక్ డిటొనేటర్లతో ఆ ఎడం కచ్చితంగా కుదురుతుంది. ఖర్చవుతుంది, నిజమే. భూగర్భ గనికన్నా ఓపెన్‌కాస్టు చవకని ఊరి అంచుదాకా తవ్వుకొచ్చిన కంపెనీ, అందులోనూ 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది అయిన కంపెనీ, ఆ మిగులులోంచే దాన్ని భరించాలి.

కంపనం కొలిచే యంత్రం గనికి అతి దగ్గరి ఇంటి గుమ్మంలో ఉండాలి. పేల్చిన టైము, మందు, దూరం, కంపనం సాయంత్రానికల్లా బస్తీ బోర్డు మీద తెలుగులో రాయాలి. తవ్వకం ముందుకు జరగకముందే గోడల ఫొటోలు తీసి ఇంటివారికి ఒక ప్రతి ఇస్తే, పాత నెర్రా కొత్త నెర్రా అన్న తగువే ఉండదు. ప్రమాదం కనబడితే పని ఆపించే అధికారం డీజీఎంఎస్‌కు ఉంది. హద్దు దాటిన చోట దాన్ని వాడాలి. గోదావరిఖని పట్టణాన్ని ఆనుకుని ఉన్న ఓసీపీ-5 గని నుంచే ఇది మొదలు కావాలి.