చాపలు పరిచేది అమ్మ, వాక్యం చెప్పేది ఎవరు?

భద్రాచలం అడవి అంచున ఉన్న మా గూడెంలో పాస్టరుగారు రాని ఆదివారం ప్రార్థన నడిపేది మా అమ్మే. ఆయన వస్తే అమ్మ చాపలు పరిచి వెనక కూర్చుంటుంది. "ఆమెకు చదువు లేదు కదా" అన్నారు పెద్దలు. నేను పి.జి. చదివాను, నన్నూ వాక్యం చెప్పనివ్వలేదు. "స్త్రీలు బోధించకూడదని పౌలు రాశాడు" అన్నారు. అంటే అడ్డం చదువు కాదు, ఆడపుట్టుకే!

యేసు లేచాడన్న వార్త శిష్యులకు చెప్పిన మగ్దలేనే మరియ స్త్రీ కాదా? 2013లో పుష్పలలితగారు నంద్యాల డయాసిస్‌కు బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ.లో తొలి మహిళా బిషప్ ఆమే. మన ఖమ్మం వైపు డోర్నకల్ డయాసిస్ కూడా సి.ఎస్.ఐ.లోనిదే. బిషప్ పదవికి తగిన స్త్రీ గూడెం సంఘానికి తగదా?

చెల్లెళ్లారా, హాస్టల్లో సభలు నడపడం నేర్చుకున్నాం. మన సంఘాల్లోనూ ఆ అవకాశం మర్యాదగా, గట్టిగా అడుగుదాం. ముందు మన అమ్మల కోసం.

– ఒక పూర్వ విద్యార్థిని